రేకులెగిరిన ఇంటికి బీమా సొమ్ము రాబట్టుకోవడం ఎలా?

2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్‌ను భీమిలి రైతులు మరచిపోలేరు. ఇంటి రేకులు ఎగిరితే పంటల బీమా పైసా ఇవ్వదు, దాని లెక్క వేరు. ఇంటికి విడిగా ‘భారత్ గృహ రక్ష’ పాలసీ ఉంది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. తుపాను, వరద, పిడుగు అన్నీ ఇందులోనే. స్థలం ధర కలపకుండా, ఇల్లు తిరిగి కట్టడానికయ్యే ఖర్చుకే బీమా చేయించండి. తాటాకు కప్పయినా, పక్కన పశువుల సాల ఉన్నా ముందే చెప్పి పాలసీలో రాయించుకోవాలి. మొహమాటపడితే తర్వాత నష్టపోయేది మనమే.

ఇల్లు దెబ్బతిన్న వెంటనే కంపెనీకి తెలపాలి. విరిగిన రేకులు పారేయొద్దు. ఫొటోలు తీయించి, సర్వేయరు చూసేదాకా అట్టేపెట్టండి. ఈలోగా వాన పడకుండా టార్పాలిన్ కప్పుకోవచ్చు, తప్పులేదు. ఆ బిల్లు, మేస్త్రి రాసిచ్చిన అంచనా దాచండి. ఏళ్ల తరబడి కారుతున్న పాత కప్పుకి మాత్రం డబ్బు రాదు.

సర్కారు ఇచ్చే తుపాను సాయం వేరే. దానికి వీఆర్వో రాసే నష్టం జాబితాలో మీ పేరుందో లేదో చూసుకోవాలి.

కంపెనీ కాదన్నా, తక్కువిచ్చినా ముందు కంపెనీకే రాతమూలకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. ఫీజు లేదు, ప్లీడరుతో పనిలేదు.