తాళపుగుత్తి టార్చిలైటును పరీక్షించు విధము
(సంఘ సమావేశములందు చదివి వినిపింపదగిన పాఠము)

రాత్రివేళ పొలమునకు పోవు రైతునకు పారయు చేతికఱ్ఱయు ఎంత అవసరమో వెలుతురును అంత అవసరము. పెద్ద టార్చిలైటు మనలో అనేకుల ఇండ్లలో కలదు. ఐనను అది ఇంటిగోడకు వ్రేలాడుచుండగా రైతు చీకటిలో గట్టుమీద నడచుట తఱచుగా జరుగుచున్నది. ఎండ యుండగా బయలుదేరినవాడు మడవ తెగినందుననో, మోటారు మొరాయించినందుననో ప్రొద్దుగ్రుంకువఱకు నిలిచిపోవును. అట్టివేళ ఇంటిలోని దీపము ఎంత గొప్పదైనను ప్రయోజనము లేదు. మొలత్రాటికి తాళపుచెవులతోపాటు కట్టియున్న చిన్న దీపమే అక్కఱకు వచ్చును.

బొటనవ్రేలంత పొడవుండి, చార్జింగు చేసికొనుటకు వీలైన చిన్న టార్చిలైట్లు ఇప్పుడు బజారున అనేక రకములు దొరకుచున్నవి. సెల్‌ఫోనులో దీపము కలదు గదా, మఱియొకటి ఎందులకని కొందఱు అడుగవచ్చును. ఫోను దీపము ఇంటిలో పనికివచ్చును. పొలములో తడిచేతితో దానిని వెలిగించుట కష్టము. జాఱి మడిలో పడినచో దీపమును ఫోనును ఒకేసారి పోవును. ఆపద వచ్చినప్పుడు ఇతరులను పిలుచుటకు ఫోనులో విద్యుత్తు మిగిలియుండవలెను. కావున నడకకు వేఱొక దీప ముండుట మంచిది. అది నమ్మదగినదో కాదో కొనుటకు ముందే తెలిసికొను విధానమును ఈ పాఠమున వివరింతుము.

ఇందులో ప్రాణములతో సంబంధించిన విషయ మున్నది. మన దేశమున 2000 మొదలు 2019 వఱకు పాముకాటువలన సుమారు 12 లక్షలమంది, అనగా ఏటికి సగటున 58,000 మంది మరణించియుందురని 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన అంచనా వేసినది. అందు సగము మరణములు జూను మొదలు సెప్టెంబరు వఱకుగల వానకాలముననే సంభవించినవి. మరణములు మిక్కుటముగా నున్న ఎనిమిది రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. ఆ లెక్కలో తెలంగాణమును చేరియున్నది. ఈ మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో జాతీయ కార్యప్రణాళికను ప్రకటించినది. కాటు పడిన పిమ్మట వైద్యులు చేయవలసిన పని వేఱు. కాటు పడకుండ, అడుగు వేయుటకు ముందు నేలను చూచుట మన పని. ఆ చూపునకు తగిన దీపమేదో నిర్ణయించుటయే ఇచ్చట ప్రశ్న.

జమాఖర్చుల లెక్క

పరపతి సంఘపు లెక్కల నెఱిగిన సభ్యునకు టార్చిలైటు లెక్క కష్టము కాదు. బ్యాటరీలోని విద్యుత్తు జమ. దీపము వెలుగుట ఖర్చు. జమకు మించిన ఖర్చు ఏ యంత్రమును చేయజాలదు.

ఒక చిన్న టార్చిలైటులో 300 మిల్లీ ఆంపియరు గంటల లిథియం బ్యాటరీ యున్నదనుకొందము. దాని వోల్టేజి 3.7. ఈ రెంటిని గుణించి 1,000చే భాగించినచో సుమారు 1.1 వాటు గంటలు వచ్చును. ఎల్‌ఇడి దీపము ఒక వాటు విద్యుత్తుతో సుమారు 100 ల్యూమెన్ల వెలుతురు నిచ్చునని లెక్కకు తీసికొనవచ్చును. ల్యూమెను అనగా దీపమునుండి అన్ని దిక్కులకు వెలువడు మొత్తము వెలుతురును కొలుచు మానము. కావున ఈ టార్చిలైటునకు ఉన్న ఆస్తి యావత్తు 110 ల్యూమెను గంటలు మాత్రమే. దానిని ఇట్లు ఖర్చు పెట్టవచ్చును:

10 ల్యూమెన్ల చొప్పున 11 గంటలు.
50 ల్యూమెన్ల చొప్పున 2 గంటల 12 నిమిషములు.
100 ల్యూమెన్ల చొప్పున 1 గంట 6 నిమిషములు.
400 ల్యూమెన్ల చొప్పున 16 నిమిషములు.

ఇప్పుడు అట్టి టార్చిలైటు డబ్బామీద “400 ల్యూమెన్లు, 11 గంటలు” అని ప్రక్కప్రక్కనే అచ్చువేసి యుండినచో దానిని ఎట్లు చదువవలెను? మొదటి అంకె మిక్కిలి పై మెట్టునకు సంబంధించినది; రెండవది మిక్కిలి క్రింది మెట్టునకు సంబంధించినది. రెండును ఒకేసారి లభించునని తలచువాడు, సంఘములో నూఱు రూపాయలు దాచి నాలుగువేలు తీసికొనదలచినవానివంటివాడు.

“400 ల్యూమెన్లు, 1 గంట” అని ఒకే వరుసలో వ్రాసియున్నను తొందరపడరాదు. 2009లో అమెరికాలో ఏర్పడి, ఇతర దేశముల తయారీదారులును అనుసరించుచున్న ఎఫ్ఎల్-1 అను ప్రమాణ మొకటి కలదు. ఆ ప్రమాణము ననుసరించి వెలుతురును దీపము వెలిగించిన 30 సెకండ్లకు కొలుతురు. ఆ వెలుతురు పదవవంతునకు పడిపోవువఱకు గడచిన కాలమును వెలుగు కాలమందురు. అనగా 400 ల్యూమెన్లతో మొదలైన దీపము కొలదికాలములోనే 80కి తగ్గి, గంట చివఱకు 40కి దిగినను ప్రమాణమునకు భంగము లేదు. వ్రాసినది అసత్యము కాదు. చదువువాడు దాని అర్థ మెఱిగియుండవలెను. ఇంత చిన్న ఒడలిలో పై మెట్టు వెలిగించిన వెంటనే వేడి పుట్టును. ఆ వేడికి బ్యాటరీ చెడకుండ లోపలి యంత్రము తానే వెలుతురును తగ్గించివేయును. కాబట్టి పై మెట్టు క్షణకాలము దూరమున చూచుటకే గాని, నడకకు కాదని గ్రహింపవలెను.

దూరపు వెలుతురు, దగ్గఱి వెలుతురు

డబ్బామీద 20 మీటర్లు, 80 మీటర్లు అని దూరమునుగూడ వ్రాయుదురు. అంత దూరమున పడు వెలుతురు ఇంచుమించు పున్నమి వెన్నెలకు సమానమని మాత్రమే దాని భావము. అచ్చట నిలిచిన మనిషి ఆకారము తెలియవచ్చునేమో గాని, ఆకులలో చుట్టుకొనియున్న పాము తెలియదు. ఐతే దూరము పదవవంతైనచో వెలుతురు నూఱురెట్లగును. 20 మీటర్ల దూరమని వ్రాసిన దీపము 2 మీటర్ల దూరమున వెన్నెలకు నూఱురెట్లు వెలుతు రిచ్చును. నడచువానికి కావలసినది ఈ రెండు మూడు మీటర్ల నేలయే. సన్నని మొనవలె దూరముపోవు వెలుతురుకంటె, గట్టు వెడల్పంతయు పఱచుకొను వెలుతురు మేలు.

వెలుతురు రంగునుగూడ చూడవలెను. రక్తపింజర గోధుమవన్నె ఒంటిమీద నల్లని మచ్చలతో ఎండుటాకులలో కలిసిపోవును. నీలముపాలు హెచ్చైన తెల్లని వెలుతురులో గోధుమ, ఎఱుపు, మట్టిరంగులు ఒకేతీరుగా కనబడును. రంగులను వేఱుపఱచి చూపు శక్తికి సి.ఆర్.ఐ. అను కొలత కలదు. దానికి గరిష్ఠము 100. చవుక టార్చిలైట్లలో ఇది తఱచుగా 70 ప్రాంతమున నుండును. 90 గలది దొరకినచో, వెలుతురు కొంచెము తక్కువైనను దానినే కోరవలెను. త్రాడును చూచి పామని భ్రమించుటవలన నష్టము లేదు. పామును చూచి త్రాడని భ్రమించుట ప్రాణాంతకము.

ఆఱు పరీక్షలు

మాటలను నమ్ముటకంటె వస్తువును పరీక్షించుట మేలు. ఒక టార్చిలైటును తెచ్చి ఈ క్రింది పరీక్షలు జరుపవచ్చును.

1. నేల పరీక్ష: చీకటిలో ఎండుటాకులు పఱచి, వానిలో ఒక పాత త్రాడును ఒక కఱ్ఱపుల్లను మఱియొకరిచేత ఉంచజేయవలెను. నడిమి మెట్టున దీపము వెలిగించి మూడు అడుగుల దూరమునుండియు, పది అడుగుల దూరమునుండియు చూడవలెను. రెండుచోట్లను ఏది యేదో చెప్పగలిగినచో దీపము మంచిది.

2. గడియారపు పరీక్ష: నిండుగా చార్జింగు చేసి, నడిమి మెట్టున వెలిగించి, అరగంట కొకమాఱు నేల పరీక్షను మఱల చేయవలెను. త్రాడును గుఱుతింపలేకపోయిన సమయమును వ్రాసికొనవలెను. డబ్బామీది కాలముతో మనకు పనిలేదు. ఇదియే మన దీపమునకు నిజమైన కాలము. పొలమునకు పోయి వచ్చుటకు పట్టు కాలమునకు ఇది రెండింత లుండవలెను.

3. బురదచేతి పరీక్ష: వ్రేళ్లకు బురద పూసికొని, దీపమువైపు చూడకయే మీట నొక్కవలెను. ఒకటి రెండు నొక్కుళ్లలో నడకకు తగిన వెలుతురు రావలెను. మీట నొక్కగానే కన్నులు మిఱుమిట్లు గొలుపు వెలుతురుగాని, ఆఱుచు వెలుగుచుండు వెలుతురుగాని వచ్చునది రైతునకు తగదు.

4. నీటి పరీక్ష: డబ్బామీద ఐ.పి. అను అక్షరముల తరువాత రెండు గుఱుతు లుండును. అందు రెండవది నీటికి సంబంధించినది. 4 అనగా చినుకులకు తట్టుకొనును. 7 అనగా మీటరు లోతు నీటిలో అరగంట యున్నను చెడదు. మడిలో దిగువానికి 7 గలది కావలెను. ఆ గుఱుతున్న దీపమును బకెట్టు నీటిలో ముంచి చూడవచ్చును. ముంచుటకు ముందు చార్జింగు రంధ్రపు రబ్బరుమూత బిగిసియున్నదో లేదో చూచుకొనవలెను. ముంచిన పిమ్మట పూర్తిగా ఆఱనిదే చార్జింగు పెట్టరాదు.

5. మొలత్రాటి పరీక్ష: ఒక వారము తాళపుచెవులతోపాటు ధరించి తిరుగవలెను. పనిచేయుచుండగా మీట తనంతట నొక్కుకొని దీపము వెలుగుచున్నదా? అట్లు వెలిగినచో అవసరమువేళకు జమ శూన్యమగును. మీటకు బిగింపు ఏర్పాటు గలది మేలు. రింగు వదులై దీపము జాఱిపోవుచున్నదేమోయని కూడ కనిపెట్టవలెను.

6. చార్జింగు పరీక్ష: సి రకపు రంధ్రము గలదైనచో ఇంటిలోని ఫోను చార్జరు వైరే సరిపోవును. ఐతే కొన్ని చవుక దీపములు ఒక కొన వెడల్పుగా నున్న పాతరకపు వైరుతో మాత్రమే చార్జింగు ఎక్కును. రెండు కొసలును సి రకముగానున్న వైరుతో ఎక్కవు. రెండు వైర్లతోను పరీక్షించి తీసికొనవలెను.

బ్యాటరీ ఆయుస్సు

లిథియం బ్యాటరీ శాశ్వతము కాదు. కొన్ని వందల మాఱులు నిండి ఖాళీయైన పిమ్మట దాని జమ క్రమముగా తగ్గును. ఈ చిన్న దీపములలో అనేకమునకు బ్యాటరీని విప్పి మార్చు వీలుండదు. బ్యాటరీతో దీపముయొక్క ఆయుస్సును తీఱిపోవును. ఇందుకు ప్రతిగా, సన్నని ఏఏఏ రకపు బ్యాటరీని మార్చుకొనదగిన తాళపుగుత్తి దీపములును కలవు. చార్జింగుకు తగిన నికెలు రకపు ఏఏఏ బ్యాటరీ 1.2 వోల్టుల వద్ద 800 మిల్లీ ఆంపియరు గంటలు గలదైనచో, దాని జమ ఇంచుమించు 1 వాటు గంట. అనగా మనము పైన లెక్కించిన లిథియం బ్యాటరీకి అది పెద్దగా తీసిపోదు. దీపము కొంత లావగును. కాని చార్జింగు లేనివేళ ఊరి దుకాణములో కొన్న మామూలు బ్యాటరీతో వెలిగించుకొనవచ్చును. కరెంటు నిలకడలేని ఊళ్లవారు ఈ సౌకర్యమును ఆలోచింపవలెను.

ఏ రకమైనను వారమున కొకదినము నియమించుకొని చార్జింగు చేయుట మంచి అలవాటు. మోటారు కొట్టములో ఎండవేడికి వదలరాదు. ఉబ్బిన బ్యాటరీని పొడువరాదు, నిప్పులో వేయరాదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై నుంచినవి. కావున వానిని వేఱుగా దాచి సేకరణ కేంద్రమునకు చేర్పవలెను.

కొన్ని హెచ్చరికలు

లోహపు టార్చిలైటును పండ్లతో కఱచిపట్టి స్టార్టరు డబ్బాను తెఱచుట కొందఱి అలవాటు. ఇది మిక్కిలి ప్రమాదకరము. దీపము తీగలను చూపునుగాని, తీగలలోని కరెంటును ఆపదు. తోడు మనిషిచేత దీపము పట్టించుకొని, ఫ్యూజులు తీసిన పిమ్మటనే చేయి పెట్టవలెను. తోడు లేనిచో తెల్లవాఱువఱకు ఆగవలెను.

దీపమున్నదని చెప్పులును చేతికఱ్ఱయు విడువరాదు. పాముకాట్ల మరణములు పల్లెలలో ఇంటివద్దనే అధికముగా సంభవించినవని ముందు చెప్పిన పరిశోధనయే తెలుపుచున్నది. కావున పెరటిలోనికి పోవునప్పుడును దీపము వెంటనుండవలెను. ఒకవేళ కాటు పడినచో గాటు పెట్టక, కట్టు బిగింపక, కాలుగాని చేయిగాని కదలనీయక, విషమునకు విరుగుడు సూది మందున్న ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను.

సంఘముద్వారా కొనుట

పదిమందికి పది రకములు కొనుటకంటె, సంఘము ముందుగా రెండు మూడు రకములు ఒక్కొక్కటి చొప్పున తెప్పించి, పై ఆఱు పరీక్షలు సభ్యులయెదుట జరిపించి, ఫలితములను పుస్తకమున వ్రాసికొని, నెగ్గినదానిని ఒక్కుమ్మడి కొనుట లాభకరము. అప్పుడు ధరలో తగ్గింపు కోరవచ్చును. చెడినదానిని మార్చి ఇమ్మని ఒక్క రైతు అడుగుటకంటె సంఘము అడుగుటకు బలము హెచ్చు. నడిమి మెట్టున 30 ల్యూమెన్లు మూడు గంటలు నిలుపగలిగి, బురదచేతికి లొంగి, నీటికి చెడనిది మన పనికి చాలును. 400 అను అంకెకై అధికధర చెల్లింప నవసరము లేదు.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. 200 మిల్లీ ఆంపియరు గంటల లిథియం బ్యాటరీ 50 ల్యూమెన్ల చొప్పున ఎంతకాలము వెలుగును?
2. మన ఊరినుండి మిక్కిలి దూరపు పొలమునకు రాత్రి పోయివచ్చుటకు ఎంతసేపు పట్టును? దానికి ఎన్ని గంటల దీపము కావలెను?
3. సభ్యుల ఇండ్లలో ఇప్పుడున్న టార్చిలైట్లలో నేల పరీక్షకు నిలుచునవి ఎన్ని?