గనిలోని కానరాని వాయువును కొలుచుట

బొగ్గుగనులలోని మిథేను వాయువునకు రంగును వాసనయు లేవు. గనిగాలిలో అది నూటికి 5 మొదలు 15 పాళ్లున్నప్పుడు నిప్పురవ్వ తగిలినచో ప్రేలి పనివాండ్ర ప్రాణములు తీయును. కావున పెద్ద పంకాలతో దానిని వెలుపలికి త్రోలుదురు. పనివారు బ్రతుకుదురు గాని, ఆ వాయువు ఆకాశమును చేరి భూమిని వేడిచేయును. 20 ఏండ్ల గడువులో దాని ప్రభావము, అంతే తూకముగల బొగ్గుపులుసు వాయువు ప్రభావమునకు సుమారు 80 రెట్లు.

గనులనుండి వెలువడు మిథేనును పైనుండి కొలిచిన కెనడాదేశపు ఉపగ్రహము జి.హెచ్.జి.శాట్-డి, 2016 జూన్ 22న మన శ్రీహరికోటనుండియే ఎగసెను. నేలపై బడి మరలు సూర్యకాంతిలో కొన్ని పరారుణ కిరణములను మిథేను మ్రింగును. ఆ లోటునుబట్టి వాయువెంతయో, గాలివేగమునుబట్టి గంటకెంత వెలువడుచున్నదో గణింతుము. మబ్బు క్రమ్మినచో కొలత సాగదు. గాలివేగము తప్పినచో లెక్కయు తప్పును.

పంకా చేసినది సగము పనియే. ఆ వాయువును పట్టి వంటచెఱకువలె మండించి వాడుకొనిననాడు తక్కిన సగము తీరును. ఎక్కడ ఎంత పోవుచున్నదో తెలిసిన పిమ్మటనే గదా ఆ పనికి పూనుకొనగలము!