కొరియాలో ఆంగ్లోపాధ్యాయుడు

శ్రీ సత్యసాయి జిల్లాలోని చిలమత్తూరు కన్నడ సీమను ఆనుకొనియున్న మండలము. ఇచ్చట వానలు తక్కువ. వేరుసెనగ పైరును నమ్ముకొని, మబ్బు వైపు చూచుచు జీవించు రైతులు తరతరములుగా నున్నారు. ఈ మండలములోని కొడికొండ మీదుగా బెంగళూరు, హైదరాబాదు నగరములను కలుపు జాతీయ రహదారి పోవుచున్నది. ఆ దారిని ఉత్తరముగా సాగినచో పెనుగొండ మండలమున ఎఱ్ఱమంచి గ్రామము వచ్చును. అచ్చట కొరియా దేశపు కియా సంస్థ మోటారు కార్ల కర్మాగారమును నిర్మించినది. అమ్మకమునకు సిద్ధమైన మొదటి కారు 2019 ఆగస్టు నెలలో అందుండి వెలువడెను.

కర్మాగారముతో పాటు కొరియా దేశస్థులును ఈ కఱవు సీమకు వచ్చిరి. వారికి తెలుగు రాదు; ఇచ్చటి యువకులకు కొరియా భాష రాదు. యంత్రము వద్ద నిలిచి ఇరువురును మాటాడుకొనవలెనన్న, ఉభయులకును పరాయిదైన ఆంగ్లమే తఱచుగా వంతెన యగుచున్నది. ఆ వంతెనపై నడచుట ఇరువురికిని కష్టమే. అయితే వారి కష్టములు చాల వఱకు ఒక్క తీరుననే యుండుట వింత. తెలుగు మున్నగు ద్రావిడ భాషలకును, కొరియా భాషకును గల పోలికలను నూఱేండ్లకు పూర్వమే పరిశీలించిన ఉపాధ్యాయుడొకడు కలడు. అతని పేరు హోమర్ హల్బర్ట్.

హల్బర్ట్ 1863లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున జన్మించెను. 1884లో డార్ట్‌మత్ కళాశాలలో పట్టము పొందెను. ఆ కాలమున కొరియాను కోజోంగ్ రాజు పాలించుచుండెను. బహుకాలము తలుపులు మూసికొనియున్న ఆ దేశము అప్పుడప్పుడే పాశ్చాత్య దేశములతో సంధులు చేసికొనుచుండెను. సంధిపత్రమున ఏమి వ్రాసిరో తెలియనివారు తమ దేశమును ఎట్లు కాపాడుకొనగలరు? అందుచే రాజు సియోల్ నగరమున ఆంగ్ల పాఠశాలను నెలకొల్పి, అమెరికా నుండి ముగ్గురు ఉపాధ్యాయులను రప్పించెను. 1886లో వచ్చిన ఆ మువ్వురిలో 23 ఏండ్ల హల్బర్ట్ ఒకడు.

శిష్యులు ఉన్నత వంశజులును, యువ అధికారులును. చీనా లిపిలోని ప్రాచీన గ్రంథములను చదివినవారు. ఆంగ్లము మాత్రము వారికి కేవలము నూతనము. కొరియా భాష మాతృభాషగా గలవానికి ఆంగ్లమున ఎదురగు చిక్కులు నేటికిని అవియే.

మొదటి చిక్కు ఉచ్చారణ. కొరియా భాషలో 'ఫ' ధ్వని లేదు. కావున వారు కాఫీని 'ఖొపి' యందురు. మన పల్లెలలో 'కాపీ' యనుట వినలేదా? 'ర', 'ల' ధ్వనులు రెంటికిని వారికి ఒకే అక్షరము. కావున ఆ భేదము వారి చెవికి సులభముగా అందదు. సంయుక్తాక్షరముతో పదము నారంభించుటయు వారికి అలవాటు లేదు. ఆంగ్లేయుడు ఒక్క ఊపున పలుకు 'స్ట్రైక్' అను మాట వారి నోట 'సు-తు-రా-ఇ-కు' అని అయిదు ముక్కలగును. మనము 'బస్' అను దానికి చివర అచ్చు చేర్చి 'బస్సు' అన్నట్లే, వారును అచ్చు చేర్చి 'బొసు' అందురు.

రెండవది వాక్యనిర్మాణము. మనము 'నేను అన్నము తింటిని' అందుము. కొరియా వాక్యమునందును క్రియ చివరనే వచ్చును. ఆంగ్లమున క్రియ కర్తను వెన్నంటి యుండును. 'ఇంటిలో' అనునపుడు 'లో' అనునది మనకును, వారికిని నామమునకు తరువాత చేరును. ఆంగ్లమున ముందు వచ్చును. మూడవది మర్యాద. మనము తమ్ముని 'రా' యనియు, పెద్దలను 'రండి' యనియు పిలుతుము. కొరియా భాషలోను ఎదుటివాని వయసును, గౌరవమును బట్టి క్రియారూపము మాఱును. ఆంగ్లమున గురువునకును, తమ్మునికిని ఒక్కటే మాట. ఆ మాటతో గురువును సంబోధించుటకు కొరియా విద్యార్థి మొదట జంకును.

బోధింపవచ్చిన హల్బర్ట్ తానే శిష్యుడై కొరియా భాషను శ్రద్ధగా అభ్యసించెను. ఆ భాషకు 'హంగుల్' అను చక్కని స్వలిపి కలదు. సేజోంగ్ రాజు 1443లో దానిని కల్పించి, 1446లో ప్రజలకు ప్రకటించెను. కాని పండితులు చీనా లిపినే గౌరవించి, స్వలిపిని చిన్నచూపు చూచుచుండిరి. హల్బర్ట్ ఆ లిపి గొప్పతనమును గుర్తించెను. సామాన్యులకును ప్రపంచజ్ఞానము అందవలెనని, ఒక భూగోళ పాఠ్యగ్రంథమును కేవలము హంగుల్ లిపిలో రచించెను.

భారతదేశమున ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును కాల్డ్వెల్ 1856లో ప్రకటించియుండెను. కొరియా భాషను ఆ ద్రావిడ భాషలతో పోల్చుచు హల్బర్ట్ 1905లో ఒక గ్రంథమును వెలువరించెను. కొరియా బిడ్డలు తండ్రిని 'అప్పా' యనియు, తల్లిని 'ఒమ్మా' యనియు పిలుతురు. ఇట్టి పోలికలను చూచిన వానికి ఈ రెండును ఒకే కుటుంబమునకు చెందినవని తోచుట సహజము. కాని నేటి భాషాశాస్త్రజ్ఞులు ఆ బంధుత్వమును అంగీకరింపరు. అమ్మను, నాన్నను పిలుచు మాటలు అనేక భాషలలో దగ్గరగా నుండును. బంధుత్వము లేని భాషలకును వాక్యనిర్మాణము కలియవచ్చును. హల్బర్ట్ నిర్ణయము నిలువలేదు. అతడు గమనించిన పోలికలు మాత్రము అబద్ధములు కావు.

ఆ 1905లోనే కొరియాకు గొప్ప ఆపద వచ్చెను. జపాను దాని స్వాతంత్ర్యమును హరింపసాగెను. కోజోంగ్ తన మొఱను అమెరికా అధ్యక్షునకు విన్నవింపుమని హల్బర్టును పంపెను. అచ్చట ఆ మొఱను ఆలకించినవారు లేరు. 1907లో హేగ్ నగరపు అంతర్జాతీయ సభ సమయమునను అతడు కొరియా పక్షమున శ్రమించెను, ఫలితము లేకపోయెను. 1910లో జపాను కొరియాను తనలో కలుపుకొనెను. కాలక్రమమున కొరియా బిడ్డలు బడిలో తమ మాతృభాషను చదువుటకును వీలు లేకపోయెను. 1945లో ఆ పాలన అంతమయ్యెను. 1949లో కొరియా ప్రభుత్వము ఆహ్వానింపగా, 86 ఏండ్ల హల్బర్ట్ దీర్ఘప్రయాణము చేసి సియోలు చేరెను. చేరిన కొద్ది దినములకే, ఆగస్టు 5వ తేదీన, కన్నుమూసెను. అతని కోరిక ప్రకారము కొరియా మట్టిలోనే సమాధి చేసిరి.

పరభాషను నేర్చుటకు స్వభాషను విడువనక్కఱలేదు. స్వభాష తీరు తెలిసిన విద్యార్థికి పరభాషలో తాను ఎచ్చట తడబడునో ముందే తెలియును. శిష్యుని భాషను గౌరవించిన గురువునకు బోధన సులభమగును. నేడు కొడికొండ దారిని పనికి పోవు తెలుగు యువకుడును, అతని ప్రక్కన నిలుచు కొరియా పనివాడును తడబడుచు ఆంగ్లము మాటాడునపుడు, ఒకరి తప్పునకు మఱియొకరు నవ్వవలసిన పని లేదు. ఇరువురి తప్పులకును మూలము వారి వారి అమ్మభాషలే.

ప్రశ్నలు

1. కోజోంగ్ రాజు ఆంగ్ల పాఠశాలను ఏల నెలకొల్పెను?
2. ఆంగ్లము నేర్చుటలో తెలుగువారికిని, కొరియావారికిని సమానముగా కలుగు చిక్కులెవ్వి?
3. హల్బర్ట్ నిర్ణయము నిలువకున్నను అతని పరిశ్రమ వ్యర్థము కాదని ఎట్లు చెప్పవచ్చును?
4. మీ యింటిలో అచ్చు చేర్చి పలుకు ఆంగ్ల పదములను పది వ్రాయుడు.