సెన్సార్ 5 వోల్టులు, బోర్డు 3.3 వోల్టులు



సైన్స్ ఎగ్జిబిషన్ దగ్గరపడేకొద్దీ ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "నిన్న పనిచేసింది మమ్మీ, ఇవాళ చేయట్లేదు." బోర్డు నాసిరకమనుకుని వెంటనే ఇంకొకటి కొంటారు. కొనేముందు వైర్లు ఒకసారి చూడండి.

ఆర్డుయినో ఊనో 5 వోల్టుల బోర్డు. వైఫై కోసం పిల్లలు కొనే ఈఎస్‌పీ32 మాత్రం 3.3 వోల్టులది. రెండింటినీ ఛార్జర్‌కే పెడతాం కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తాయి. ఈఎస్‌పీ32 బోర్డు మీదున్న రెగ్యులేటర్ ఆ 5 వోల్టులను తగ్గించి చిప్‌కు ఇస్తుంది. పిన్నులకు అలాంటి కాపలా లేదు.

వాటర్ ట్యాంకులో నీటిమట్టం చూపే ప్రాజెక్టునే తీసుకోండి. అందులో ఎక్కువగా వాడే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సార్ 5 వోల్టులతో నడుస్తుంది. దాని ట్రిగ్ పిన్‌కు బోర్డు పంపే 3.3 వోల్టులు మామూలుగా సరిపోతాయి. ఎకో పిన్ నుంచి తిరిగొచ్చేది మాత్రం 5 వోల్టులు. ఈఎస్‌పీ32 పిన్‌కు గరిష్ఠ పరిమితి 3.6. నేరుగా కలిపితే పొగ రాదు, చప్పుడు కాదు, అదే చిక్కు. కొన్నాళ్లు బాగానే నడిచి, తర్వాత ఆ పిన్ మొరాయించవచ్చు. తప్పు ప్రోగ్రాంలో ఉందనుకుని రాత్రంతా వెతికి, "ఇది నాకు రాదు" అనేసే పిల్లలుంటారు. బోర్డు ఖరీదు కన్నా నాకు ఆ మాటే పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

మందు రెండు రెసిస్టర్లు. ఎకో పిన్‌కు 1 కిలో-ఓమ్ రెసిస్టర్ పెట్టి, దాని రెండో కొసను బోర్డు పిన్‌కు కలపాలి. ఆ కొస నుంచే 2 కిలో-ఓమ్‌ల రెసిస్టర్ గ్రౌండ్‌కు వెళ్లాలి. 5 వోల్టుల్లో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 3.33 వోల్టులు పిన్‌కు చేరతాయి. పదో తరగతిలో చదివే సిరీస్ సర్క్యూటే ఇది. 2 కిలో-ఓమ్‌లది దొరక్కపోతే 1 కిలో-ఓమ్‌వి రెండు వరుసగా కలపండి (నాలుగు చారల రకంలో మొదటి మూడు గోధుమ, నలుపు, ఎరుపు). రెండూ తారుమారైతే పిన్‌కు 1.67 వోల్టులే అందుతాయి. బోర్డుకు హాని లేదు, రీడింగ్ మాత్రం సరిగా రాకపోవచ్చు. సెన్సార్, బోర్డు గ్రౌండ్‌లు కలిసే ఉండాలి.

ఐ2సీ ఎల్‌సీడీ లాంటివాటికి ఈ చిట్కా కుదరదు. వాటిలో ఒకే వైరు మీద సమాచారం అటూ ఇటూ నడుస్తుంది కాబట్టి లెవెల్ షిఫ్టర్ అనే చిన్న మాడ్యూల్ కావాలి.

ఇంట్లో మల్టీమీటర్ ఉంటే, సెన్సార్‌ను, బోర్డు పిన్‌ను ఇంకా కలపకముందే 1 కిలో-ఓమ్ కొసకు 5 వోల్టుల పిన్‌ను ఇచ్చి, రెసిస్టర్లు కలిసేచోట మీ బాబుతోనో పాపతోనో కొలిపించండి. 3.3 దగ్గర చూపిస్తే, అప్పుడు ఎకోకు మార్చి బోర్డుకు కలపనివ్వండి.