కొండలు, పల్లాలు, ప్రజలు: ద్వీపకల్ప భూగోళంలో మన పేట

మూడు దిక్కుల నీరు, ఒక దిక్కున నేల కలిగిన భూభాగాన్ని ద్వీపకల్పమంటారని మనమందరం చిన్న తరగతులలోనే చదువుకున్నాము. ఆ నిర్వచనం కంఠస్థమైతే పాఠం పూర్తి అయినదని భావిస్తాము. కాని భూగోళశాస్త్రం నిర్వచనాలతో ఆగిపోయే శాస్త్రం కాదు. నేల ఎటు ఎత్తుగా ఉన్నది? ఎటు వాలుగా ఉన్నది? ఆ వాలు మీద నీరు ఎటు పోతున్నది? ఆ నీటి దారిలో మనుష్యులు ఎక్కడ స్థిరపడినారు? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగిననాడే ఒక ప్రదేశాన్ని మనం ఎరిగినట్లు.

ఈ వ్యాసంలో పర్వతమయమై, జనసమ్మర్దం గల కొరియా ద్వీపకల్పాన్ని ముందుగాను, మన దక్కను ద్వీపకల్పాన్ని పిమ్మటను, అందులో చుక్కంత స్థలమైన చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాన్ని చివరగాను ఇవే ప్రశ్నలతో పరిశీలిద్దాము. దూరదేశపు పటం చదవడం నేర్చినవారికి తమ వీధి పటం చదవడం కష్టం కాదు.

కొరియా: కొండల నడుమ జనం

కొరియా ద్వీపకల్పం వైశాల్యం సుమారు 2 లక్షల 20 వేల చదరపు కిలోమీటర్లు. అనగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలను రెండింటినీ కలిపిన దానికంటె చిన్నది. 1945లో ఆ దేశం రెండు భాగాలైనది. 1950 నుండి 1953 వరకు జరిగిన యుద్ధం ఆ చీలికను స్థిరపరచినది. ఉత్తర, దక్షిణ భాగాలలో కలిసి నేడు ఏడున్నర కోట్లకు పైగా ప్రజలు నివసిస్తున్నారు.

ఈ అంకెలను భాగిస్తే చదరపు కిలోమీటరుకు సుమారు 350 మంది వస్తారు. ఇది మన తెలుగు ప్రాంతపు సాంద్రత కంటె మరీ ఎక్కువేమీ కాదే అని తోచవచ్చు. ఇక్కడనే విద్యార్థి జాగ్రత్త వహించాలి. కొరియా నేలలో ఇంచుమించు 70 వంతులు కొండలే. కొండల మీద పెద్ద ఊళ్లు వెలయవు, వరిచేలు పండవు. మిగిలిన 30 వంతుల నేల మీదనే దాదాపు అందరూ సర్దుకోవాలి. అట్లు లెక్కించినచో చదరపు కిలోమీటరుకు వెయ్యిమందికి మించుతారు. జనాభాను మొత్తం వైశాల్యంతో భాగించడం ఒక లెక్క. మనుష్యులు నిజంగా నిలువగలిగిన నేలతో భాగించడం మరియొక లెక్క. జీవితానికి దగ్గరైనది రెండవదే.

కొరియాలో తూర్పు తీరం వెంబడి తేబెక్ పర్వతశ్రేణి గోడవలె నిలిచి ఉన్నది. అందువలన నేల పడమరకును, దక్షిణానికిని వాలినది. హాన్, గమ్ నదులు పడమటి సముద్రాన్ని, నక్డాంగ్ నది దక్షిణ సముద్రాన్ని చేరుతాయి. నదులు చేరే పల్లాలలోనే మైదానాలు, మైదానాలలోనే నగరాలు. దక్షిణ కొరియా జనాభాలో సగం మంది, ఆ దేశపు నేలలో ఎనిమిదవ వంతుకు మించని సియోల్ రాజధాని ప్రాంతంలో కూడియున్నారు. కొండ మనిషిని పల్లానికి నెట్టినది. పల్లంలో మనిషికి ముందుగానే నీరు కాపురమున్నది.

ఇందుకు సియోల్ నగరమధ్యంలోని చంగ్యేచన్ అనే వాగు మంచి ఉదాహరణ. యుద్ధానంతరం నిరుపేదలు దాని ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. వాగు మురుగుకాలువ అయినది. 1958 నుండి దానిని కాంక్రీటుతో కప్పివేసినారు. పిదప పైన ఎత్తైన రహదారిని నిర్మించినారు. ఇట్లు ఒక తరం పిల్లలు అక్కడ వాగు ఉన్నదనే సంగతి ఎరుగకనే పెరిగినారు. 2003లో ఆ రహదారిని కూల్చడం ప్రారంభించి, 2005 అక్టోబరులో సుమారు 5.8 కిలోమీటర్ల మేర వాగును తిరిగి వెలుగులోకి తెచ్చినారు. ఈ పనిలో చిన్న వర్తకులు అనేకులు స్థానం కోల్పోయినారు. నేడు అందులో పారే నీటిలో అధికభాగం యంత్రాలతో ఎత్తిపోసినదే. ప్రకృతిని ఒకసారి కప్పిన పిమ్మట తిరిగి విప్పడం ఎంత ఖర్చుతో కూడిన పనియో దీనివలన తెలియుచున్నది.

దక్కను: వాలు మారిన ద్వీపకల్పం

మన ద్వీపకల్పాన్ని కొరియా పక్కన ఉంచి చూస్తే అద్దంలో ప్రతిబింబంవలె కనిపిస్తుంది. అక్కడ ఎత్తు తూర్పున, ఇక్కడ పడమట. పడమటి కనుమలు అరేబియా సముద్రానికి ఆనుకొని నిలిచినందున దక్కను పీఠభూమి తూర్పునకు వాలినది. త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరికి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్ల దూరమే. అయినను అది ఆ సముద్రానికి వెన్ను చూపి, 1,465 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. కృష్ణ కూడ అంతే. వికారాబాదు సమీపాన అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ ఇదే వాలును అనుసరించి, మన నగరం మీదుగా సాగి, నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది.

మరియొక భేదం ముఖ్యమైనది. మన నేల క్రింద ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిల. జూబిలీ హిల్సు గుండ్లు, మౌలాలీ గుట్ట, నౌబత్ పహాడ్ ఆ శిల బయటపడిన చోట్లే. నల్లరాతి నేల నీటిని తొందరగా పీల్చుకోదు. హిమాలయ నదులవలె మన నదులకు మంచు కరిగి వచ్చే నీరు లేదు. సంవత్సరానికి సుమారు 80 సెంటీమీటర్ల వర్షం, అదియును ప్రధానంగా నాలుగు నెలలలో. కనుకనే మన పూర్వులు వాలుకు అడ్డంగా కట్టలు వేసి చెరువులు నిర్మించినారు. ఒక చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు దిగువ చెరువుకు చేరేది. దానినే గొలుసుకట్టు అన్నారు. కొండలు తక్కువైన దక్కనులో జనాన్ని నిలిపినది ఈ గొలుసే.

హుస్సేన్ సాగర్ దిగువన

ఇక మన పేటకు వద్దాము. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562లో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగర్ నిర్మాణం జరిగినది. హైదరాబాదు నగరానికి పునాది పడినది 1591లో. అనగా చెరువు నగరానికి పెద్దన్న. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు దానికి నీటిని తెస్తాయి. దాని పూర్తి మట్టం సముద్రమట్టానికి సుమారు 513 మీటర్లు. ఆ మట్టం మించిన నీరు మత్తడి దాటి, కట్ట దిగువన దోమలగూడ, అశోక్ నగర్‌ల మీదుగా, చిక్కడపల్లి, నారాయణగూడల నడుమ రోడ్డు క్రిందుగా, నల్లకుంట, గోల్నాక దాటి మూసీలో పడుతుంది.

చిక్కడపల్లి నుండి నారాయణగూడకు నడచిపోయేటపుడు నాలా వంతెన వద్దకు నేల దిగి, తిరిగి ఎక్కుతుంది. సైకిలు తొక్కినవారి కాళ్లకు ఈ సంగతి తెలుసు. 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన మెట్రో రైలులో అదే దారిన పైనుండి పోయేవారికి మాత్రం తెలియదు. ఇందిరా పార్కు నుండి అశోక్ నగర్ మీదుగా వి.ఎస్.టి. వరకు 2023 ఆగస్టులో తెరచిన ఉక్కు వంతెన మీద పోయేవారికిని తెలియదు. వంతెనలు ప్రయాణాన్ని సుగమం చేస్తాయి, వాలును మరపిస్తాయి.

పేర్లు చెప్పే పాఠం

ఉర్దూ, తెలుగు రెండును చదివే విద్యార్థులకు ఇక్కడ ఒక సౌకర్యం ఉన్నది. మన చుట్టూ ఉన్న స్థలనామాలలో సగం భూగోళం దాగియున్నది. 'కుంట' అనగా చిన్న చెరువు: నల్లకుంట, నాగమయ్యకుంట. 'గూడ', 'పల్లి' అనగా ఒకనాటి చిన్న జనావాసాలు. 'బాగ్' తోటను, 'పహాడ్' కొండను, 'నాలా' వాగును చెప్పుచున్నవి. బాగ్‌లింగంపల్లి అనే ఒక్క పేరులో తోట ఉర్దూలోను, ఊరు తెలుగులోను ఉన్నవి. హుస్సేన్ సాగర్ అనే పేరులో అరబ్బీ, సంస్కృతం రెండును ఒక కట్టపై నిలిచినవి. 'ట్యాంక్ బండ్' లోని బండ్ అనే మాట కూడ, కట్ట అనే అర్థంగల ఫారసీ 'బంద్' నుండి ఇంగ్లీషు వారు అరువు తీసుకున్నదే. చివరన 'నగర్' అని ఉన్న పేర్లు మాత్రం కొత్తవి. వాటిలో నేలను గూర్చిన సూచన లేదు. కుంట అనే పేరుగల చోట ఇల్లు కట్టేవానికి ఆ పేరే హెచ్చరిక. నగర్ అనే పేరు ఏ హెచ్చరికయు చేయదు.

జనసాంద్రత: అంకె వెనుక మనిషి

2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు జిల్లాలో 217 చదరపు కిలోమీటర్లలో 39 లక్షల మంది ఉన్నారు. చదరపు కిలోమీటరుకు 18 వేలకు పైమాటే. కొండల నడుమ ఇరుకున ఉన్నదని చెప్పుకున్న సియోల్ నగరంలో ఈ సంఖ్య సుమారు 15,500. మనకు కొండల గోడ లేదు. అయినను మనం అంతకంటె ఇరుకుగా ఉన్నాము. ఇక్కడ జనాన్ని పల్లానికి నెట్టినది కొండ కాదు. చదువు, కొలువు, అద్దె.

నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారి కృషితో 1928లో తెలుగు బాలికల పాఠశాల వెలసినది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం వెలసినవి. ఆ గ్రంథాలయం చుట్టూ, అశోక్ నగర్ సందులలో, నేడు జిల్లాల నుండి వచ్చిన వేలాది నిరుద్యోగ యువతీయువకులు గ్రూపు పరీక్షలకు చదువుచున్నారు. ఒక గదిలో నలుగురు, ఐదుగురు. వారు ద్వీపకల్ప పీఠభూమి వాలును, నదీ ప్రవాహాల దిశలను పేజీలకు పేజీలు కంఠస్థం చేస్తారు. తాము పడుకున్న గది ఏ వాలున ఉన్నదో ఏ ప్రశ్నపత్రమూ వారిని అడుగదు.

నీరు మాత్రం అడుగుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ అడిగినది. సుమారు 15 వేలమంది మరణించినారని అంచనా. ఆ పిమ్మట విశ్వేశ్వరయ్య గారి సలహాపై 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయినవి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజున 24 సెంటీమీటర్ల వాన కురిసినది. సంవత్సరపు వానలో అది నాలుగవ వంతుకు పైనే. నాలా పొంగి అశోక్ నగర్, దోమలగూడ వంటి పల్లపు వీధులలోని ఇండ్లు నీట మునిగినవి. 2020 అక్టోబరులో నగరం మరల మునిగినది. 2024 జూలైలో ఢిల్లీ నగరంలో ఒక శిక్షణ సంస్థ నేలమాళిగలోకి వాననీరు ఒక్కసారిగా చొరబడగా, అక్కడ చదువుకొనుచున్న ముగ్గురు సివిల్ సర్వీసు అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయినారు. ఆ వార్త చదివిననాడు అశోక్ నగర్‌లో నేలమాళిగ గదులలో చదివే బిడ్డల తల్లిదండ్రులు ఎట్లు నిద్రించి ఉందురో మనం ఊహించుకోవచ్చును.

నాలా ఒడ్డున నివసించేవారు తెలివితక్కువవారు కారు. అద్దె తక్కువ గనుక అక్కడ ఉన్నారు. పని దగ్గర గనుక అక్కడ ఉన్నారు. కనుక నాలాను వెడల్పు చేయాలన్న మాట ఎంత న్యాయమైనదో, అక్కడినుండి లేచేవారికి పని దూరం కాని చోట నీడ చూపాలన్న మాటయును అంతే న్యాయమైనది. చంగ్యేచన్ కథ మనకు నేర్పే రెండవ పాఠమిదే.

విద్యార్థులు చేయదగిన పని

ఈ వ్యాసాన్ని చదివి పక్కన ఉంచడం కంటె, ఒక వాన వెలిసిన సాయంత్రం నలుగురు విద్యార్థులు కలిసి కళాశాల ద్వారం నుండి నాలా వరకు నడచిరావడం మేలు. నీరు ఏ సందు నుండి ఏ సందుకు పారుచున్నదో, ఎక్కడ నిలిచినదో, ఏ ఇంటి గడప ఎన్ని మెట్లు ఎత్తున ఉన్నదో కాగితంపై గుర్తించాలి. ఆ వీధిలో ముప్పది, నలుబది ఏండ్లుగా ఉన్న పెద్దలను 2000 సంవత్సరంలో నీరు ఎంతవరకు వచ్చినదో అడిగి గోడపై గీత చూపించమని కోరాలి. అట్టి పటం ఉర్దూలోను, తెలుగులోను సిద్ధమైతే దానిని కళాశాల గ్రంథాలయం గోడకు తగిలించవలసిందిగా కళాశాల సంఘం వారిని కోరుచున్నాము. గది అద్దెకు వెదకే కొత్త విద్యార్థికి అంతకంటె ఉపయోగపడే పాఠ్యగ్రంథం మరియొకటి లేదు.

కొరియా పర్వతాలను మనం చూడకపోవచ్చు. తేబెక్ పేరు పరీక్ష తరువాత మరచిపోనూవచ్చు. కాని నేలకు వాలు ఉన్నదని, నీటికి జ్ఞాపకం ఉన్నదని, ఆ రెండింటి నడుమ మన ఇల్లు ఉన్నదని మరువకుండినచో భూగోళశాస్త్రం చదివిన ఫలం మనకు దక్కినట్లే.