ఒకే డెవలపర్‌తో ఒక ఏడాది

బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ ఇంట్లో కడగడం మొదలుపెట్టినవాళ్లు తరచూ నన్ను అడిగే ప్రశ్న: "ఏ డెవలపర్ మంచిదండీ?" నేను ఎదురు అడుగుతాను: "నెలకు ఎన్ని రీళ్లు కడుగుతారు?" చాలామందికి ఈ ఎదురు ప్రశ్న రుచించదు. గ్రెయిన్ గురించో టోన్ల గురించో మాట్లాడదామని వస్తారు మరి. కానీ ఎంపిక మీ బతుకు తీరు దగ్గరే మొదలుకావాలి.

కొడాక్ వాళ్ల డి-76 పొడి నీళ్లలో కలిపి, సీసా నిండా పోసి మూత బిగిస్తే ఆరు నెలలు నిలుస్తుంది. అదే సీసా సగానికి వచ్చిందా, రెండు నెలలే. రోడినాల్ అలా కాదు. 1891లో పేటెంట్ పొందిన ఆ చిక్కటి ద్రావణం, మూత తీశాక కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఎక్స్‌టాల్ అనే మరో డెవలపర్ గుణంలో దేనికీ తీసిపోదు. అయితే అది 5 లీటర్లకు సరిపడే ప్యాకెట్‌లో వస్తుంది, పాడైనప్పుడు రంగు మారి హెచ్చరించదు. చూడ్డానికి నీళ్లలా తేటగానే ఉంటుంది, ఫిల్మ్ మాత్రం ఖాళీగా బయటికొస్తుంది. కాబట్టి పండక్కో పబ్బానికో ఒక రీలు తీసేవాళ్లు రోడినాల్ పుచ్చుకోండి. వారం వారం కడిగేవాళ్లకు డి-76 లేదా ఇల్‌ఫోర్డ్ ఐడి-11 చాలు, ఆ రెండింటి ఫార్ములా దాదాపు ఒకటే. "ఇకనుంచి వారానికి రెండు రీళ్లు తీసేస్తా" అన్న ఉత్సాహంలో కొనకండి. గడిచిన మూడు నెలల్లో నిజంగా ఎన్ని తీశారో లెక్క చూసుకుని కొనండి. రేపు మనం ఎలా ఉండాలనుకుంటున్నామో ఆ మనిషి కోసం కొన్న సామాను ఇళ్లలో ఎంత పడి ఉందో మీకూ తెలుసు.

ఇక గుణాల సంగతి. డెవలపర్ దగ్గర మనం కోరేవి మూడు: సన్నటి గ్రెయిన్, అంచుల పదును, ఫిల్మ్ స్పీడ్. మూడూ ఒకేసారి పూర్తిగా దొరకవు. లీటరు డి-76లో 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది. అది వెండి లవణం రేణువుల్ని అంచుల దగ్గర కొద్దిగా కరిగించి గ్రెయిన్‌ను మెత్తబరుస్తుంది. ఆ కరగడంలోనే పదును కొంత పోతుంది. అందులోనే సమానంగా నీళ్లు కలిపి 1+1 చేస్తే సల్ఫైట్ పలచబడుతుంది, గ్రెయిన్ కాస్త పైకి తేలుతుంది, అంచులు తేటపడతాయి. రోడినాల్ 1+50 అయితే గ్రెయిన్‌ను దాచే ప్రయత్నమే చేయదు. ఎండకు కాగిన ముఖాలకూ, పెచ్చులూడిన గోడలకూ నాకు అదే ఇష్టం. చంటిపిల్లల ఫోటోలకు వాడమని మాత్రం చెప్పను. ఏది కావాలో అందరూ చెబుతారు. ఏది వదులుకోగలరో చెప్పండి, నిర్ణయం దానంతటదే తేలిపోతుంది.

కొన్నాక ఏడాదిపాటు మార్చకండి. ఒకే ఫిల్మ్, ఒకే డెవలపర్, ఒకే పలచన. డి-76ను కొడాక్ 1927లో సినిమా ఫిల్మ్ కోసం తెచ్చింది. ఇన్ని దశాబ్దాలు అందరికీ పనికొచ్చినది మీ మొదటి పన్నెండు నెలలకు సరిపోదా?

మన ఎండలకు నా సలహా 1+1. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్‌ను 400 స్పీడ్ దగ్గర తీసి, 20 డిగ్రీల్లో నేరుగా ఐడి-11లో కడిగితే 7.5 నిమిషాలు, 1+1లో అయితే 13 నిమిషాలు. వేసవిలో విజయవాడలోనో వరంగల్‌లోనో కుళాయి తిప్పితే 20 డిగ్రీల నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? వేడి పెరిగితే టైము తగ్గించాలి. 20 దగ్గర 4 నిమిషాలు పట్టేది 23 దగ్గర 3 నిమిషాల్లో అయిపోతుంది. ఐదు నిమిషాల లోపు కడిగితే ఫిల్మ్ మీద మచ్చలూ చారలూ వచ్చే ప్రమాదం ఉంది. 13 నిమిషాల దారిలో తగ్గించుకోవడానికి చోటుంటుంది. ట్యాంకును బేసిన్‌లో పెట్టి చుట్టూ ఐసు నీళ్లు పోయండి, లోపల థర్మామీటర్ ఎంత చూపిస్తోందో నోటుబుక్‌లో రాయండి. మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేసి, బుడగలు పోయేలా ట్యాంకును ఒకసారి బల్లకు తట్టండి. తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ నాలుగుసార్లు. ఈ పద్ధతి ప్రతిసారీ అచ్చం ఒకేలా ఉండాలి. చెయ్యి రోజుకో రకంగా కదిలితే తప్పు డెవలపర్‌దో మీదో ఎప్పటికీ తేలదు.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం అన్నిటికన్నా పెద్ద విద్య. నెగెటివ్ పలచగా వచ్చిందనగానే డెవలపర్ మార్చేవాళ్లే ఎక్కువ. నొప్పి ఒకచోట, మందు ఒకచోట. ఆరిన ఫిల్మ్‌ను కిటికీ వెలుగుకు పట్టి, బొమ్మకన్నా ముందు అంచు చూడండి. అక్కడ ఫ్రేము నంబర్లు, ఫిల్మ్ పేరు ఉంటాయి. వాటిని ఫ్యాక్టరీలోనే ఎక్స్‌పోజ్ చేసి పంపుతారు, మీ కెమెరాతో వాటికి సంబంధం లేదు. అంకెలు నల్లగా, నిండుగా ఉండి బొమ్మ మాత్రం పలచగా ఉంటే, మీరు వెలుగు తక్కువ ఇచ్చారన్నమాట. నీడలో అసలు పడని వివరాన్ని ఏ డెవలపరూ తెచ్చిపెట్టలేదు. అంకెలు కూడా వెలవెలబోతే కడగడంలో లోపం: టైము చాలలేదు, ద్రావణం చల్లబడింది, లేదా పాతబడింది. మిమ్మల్ని ఏ ఓటమి కుంగదీసినా ఇలాంటి అంచు ఒకటి వెతకండి. మీ చేతి తప్పు తగలని భాగం ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి పోల్చితే కారణం బయటపడుతుంది.

ఏడాది తిరిగాక మారాలనిపిస్తే కారణం ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టండి. "రాత్రిపూట పెళ్లి మండపాల్లో 400 ఫిల్మ్‌ను 1600 దగ్గర తీయాల్సి వస్తోంది" అన్నది కారణం. దానికి మైక్రోఫెన్ అనే డెవలపర్ ఉంది. "ఫలానావాళ్ల ఫోటోలు బావున్నాయి" అన్నది కారణం కాదు. వాళ్ల వెలుగు, వాళ్ల లెన్స్, వాళ్ల ఓపిక మీకు సీసాలో రావు.

కారణం గట్టిదే అనిపించినా ఒక పరీక్ష పెట్టండి. ఒకే రీలు మొత్తం ఒకే దృశ్యం, ఒకే ఎక్స్‌పోజర్‌తో తీయండి. చీకట్లో సగానికి కత్తిరించి, ఒక ముక్క పాత డెవలపర్‌లో, ఇంకోటి కొత్తదాంట్లో కడగండి. రెండింటినీ ఒకే సైజులో ప్రింటు వేసి, ఏది దేనిదో వెనక పెన్సిల్‌తో రాసి, సంగతి తెలియని మనిషికి చూపించండి. ఆయన తేడా పట్టలేకపోతే పాతదాన్నే కొనసాగించి, ఆ డబ్బుతో మరో రెండు రీళ్లు కొనుక్కోండి.