స్మృతి పోకముందే చెప్పవలసిన మాట

శరణులు మరణమునకు భయపడలేదు. దానిని పండుగగా ఎంచి లింగైక్యమని పేరిడిరి. కాని మరణమునకు ఎంతో ముందే మనస్సు చెదరిపోయినచో, ఆ భక్తుని కడపటి దినములను ఎవరు నిర్ణయింపవలెను? వృద్ధులున్న ప్రతి ఇంటికిని ఈ ప్రశ్న రాదగినదే.

నల్లజర్ల మెట్టపొలములలో నలువది యేండ్లు పొగాకు పండించిన పెద్ద యొకడు, ఒకనాడు పొలమునుండి ఇంటికి త్రోవ మరచెననుకొందము. మరికొన్నాళ్లకు కుమారునే 'నీవెవరు బాబూ?' అని అడుగును. అరచేతిలోని ఇష్టలింగమును ఏమి చేయవలెనో తోచక చూచుచుండును. దీనిని వైద్యులు డిమెన్షియా అందురు. ఇది వయస్సుతో వచ్చు మామూలు మరపు కాదు; మెదడును క్రమముగా క్షీణింపజేయు వ్యాధి. ఇందులో ఎక్కువగా కనిపించు అల్జీమర్ వ్యాధిని 1906లో జర్మనీ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ మొదట వివరించెను. మన దేశమున 60 యేండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా దీనికి లోనగుచున్నారని 2023లో వెలువడిన అంచనా. బి12 విటమిను లోపము వలనను, థైరాయిడు దోషము వలనను కలిగిన మరపు చికిత్సతో తగ్గవచ్చును గనుక, మొదట వైద్యునికి చూపవలెను. అల్జీమర్ వంటి వ్యాధి ముదిరినచో మాట పోవును. తుదకు మ్రింగుటయు కష్టమగును.

అప్పుడు గొట్టముతో ఆహారము పెట్టవలెనా? ఊపిరి యంత్రము తగిలింపవలెనా? సమాధానము చెప్పవలసిన వాడు చెప్పజాలడు. బిడ్డలు తమలో తాము వాదులాడుకొందురు.

2004లో హైదరాబాదున వెంకటేశ్ అను 25 యేండ్ల చదరంగ క్రీడాకారుడు కండరముల క్షీణవ్యాధితో మరణశయ్యపై నుండెను. తన అవయవములు చెడకముందే దానము చేయవలెనని కోరెను. తల్లి హైకోర్టు నాశ్రయించెను. చట్టము అందుకు అంగీకరింపనందున కోర్టు నిరాకరించెను. ఆ డిసెంబరులోనే అతడు మరణించెను. అతనికి చెప్పు నోరు కలదు, చట్టమున దారి లేదు. మతి తప్పిన వృద్ధుని స్థితి దీనికి విపరీతము: నేడు కొంత దారి కలదు, చెప్పు నోరు లేదు.

ఆ దారి యెట్టిది? గౌరవముతో మరణించుట జీవనహక్కులో భాగమని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. స్వస్థచిత్తము గల వయోజనుడు ఇద్దరు సాక్షుల యెదుట ముందస్తు కోరికపత్రము వ్రాయవచ్చును. 2023 జనవరిలో కోర్టు పద్ధతిని సులభము చేసెను: నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరించిన చాలును. తన తరపున మాటాడదగిన వారి పేర్లను అందులో వ్రాయవలెను. వ్రాసినవాడు ఎప్పుడైనను దానిని మార్చుకొనవచ్చును, రద్దు చేసికొనవచ్చును. కోలుకొను ఆశ లేని అంత్యదశలో, రెండు వైద్యమండలులు అంగీకరించిన పిమ్మటనే చికిత్స నిలుపుదురు. ప్రాణము తీయుమందు ఇచ్చుటకు మన చట్టము ఒప్పుకొనదు. మరపు వచ్చినంత మాత్రమున ఈ పత్రము అమలులోనికి రాదు.

పత్రముతోనే అన్నియు తీరవు. నెదర్లాండ్సు చట్టము మరణమునకు మందిచ్చుటను కొన్ని షరతులతో అనుమతించును. అక్కడ 2016లో, 74 యేండ్ల స్త్రీ స్మృతి యున్నప్పుడు వ్రాసిన పత్రమును నమ్మి వైద్యురాలు ఆమెకు మరణమిచ్చెను. నడుమ ఆమె లేవబోగా కుటుంబీకులు పట్టుకొనిరి. కోర్టులు వైద్యురాలిని నిర్దోషిగా విడిచెను. 2020లో అక్కడి సుప్రీంకోర్టు అట్టి పత్రము చెల్లునని చెప్పెను. అయినను నాడు వ్రాసినామె మాట వినవలెనా, నేడు లేవబోయినామె మాట వినవలెనా అను ప్రశ్న చదువరుల మనస్సును నేటికిని కలచును.

అందుచే పత్రముకన్న సంభాషణ ముఖ్యము. మతి చక్కగా నున్నప్పుడే పెద్దలు బిడ్డలను పిలిచి, ఏది వలయునో, ఏది వలదో, ఎందుకో విప్పి చెప్పవలెను. బిడ్డలును 'అశుభము పలుకకుడు' అని వారి నోరు మూయరాదు. బరువు దించుకొనుటకై ఏ బిడ్డయు పెద్దలచే పత్రము వ్రాయింపరాదు. అది దాసోహము కాదు, ద్రోహము.

యంత్రము వలదన్నంత మాత్రమున సేవ నిలువరాదు. నోటికి అందినంత ముద్ద అందించుట, ఒడలు తుడుచుట, నొప్పి తగ్గించుట కడవరకు సాగవలెను. పెద్ద తన పంచాక్షరిని మరచినను, ప్రక్కన కూర్చున్న మనుమడు పలుకవచ్చును. భక్తుడు లింగమును మరచిన మాత్రమున లింగము భక్తుని మరువదు.